ఇంగ్లీషు వాక్యంలో చేసినవాడు

ఇంగ్లీషు బాగా రాయదలచినవాడు కర్తరి వాక్యమే రాయాలనీ, కర్మణి ప్రయోగం సోమరితనానికో కపటానికో గుర్తనీ మన కళాశాలల్లో ఒక సిద్ధాంతం పాతుకుపోయి ఉన్నది. దీనికి ఆధారంగా జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ అనే వ్యాసాన్ని చూపుతారు. ఆర్వెల్ రాజకీయాలతో మనకున్న పేచీ వేరు. పాలకుల భాష చేసిన పనిని దాచటానికి ఉపయోగపడుతున్నదని ఆయన గుర్తించటం మాత్రం నిజమే. అయితే రోగాన్ని సరిగా పట్టుకున్న వైద్యుడు మందు కూడా సరిగానే రాసి ఉంటాడని నమ్మనక్కరలేదు. కర్మణి వాడకం మితిమీరిందని ఆయన ఫిర్యాదు చేసిన వాక్యమే కర్మణిలో ఉన్నది. అట్లా వాడుతున్నదెవరో అందులో లేదు. ఎత్తిపొడవటానికి ఈ మాట అనటం లేదు. వాక్యం కర్తరిలో ఉన్నదా కర్మణిలో ఉన్నదా అన్నది ఒక ప్రశ్న. ఈ పని చేసినదెవరు అన్నది మరొక ప్రశ్న. ఈ రెంటినీ ఒకటిగా చూడటం మూలాన మన విద్యార్థులు మొదటిదాన్ని బట్టీపట్టి రెండోదాన్ని వదిలేస్తున్నారు.

తెలుగు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నేను డిగ్రీ తరగతులకు అనువాదం కూడా చెబుతాను. మన పత్రికల్లో బయటి ప్రపంచపు వార్త చాలావరకు ఇంగ్లీషులోనుంచే దిగుతుంది. అక్కడ తప్పిపోయిన కర్త ఇక్కడ దొరకడు. అందుచేత ఆ భాషలో చేసినవాణ్ణి చెప్పే పద్ధతులేమిటో, తప్పించే పద్ధతులేమిటో తెలుసుకోవటం తెలుగువాడి పని కూడా.

బడి వ్యాకరణం దగ్గర మొదలుపెడదాం. మన దేశంలో కొన్ని తరాలవాళ్ళు చదువుకున్న రెన్ అండ్ మార్టిన్ పుస్తకం నిండా వాక్యాలను కర్తరి నుంచి కర్మణికి, కర్మణి నుంచి కర్తరికి తిప్పే అభ్యాసాలున్నాయి. తిప్పినప్పుడు కర్త వాక్యం చివరికి పోయి ‘బై’ అనే మాటకు తగులుకుంటాడు. కర్త ఎవరో తెలియనప్పుడూ, చెప్పనక్కరలేనప్పుడూ ఆ తోక కోసెయ్యవచ్చునని బడి వ్యాకరణాలు అనుమతిస్తాయి. దొంగ పట్టుబడ్డాడంటే పట్టుకున్నది పోలీసులేనని వేరే చెప్పాలా? న్యాయమైన అనుమతే. కాని చెప్పనక్కరలేదని నిర్ణయించేది ఎవరు? దొంగ విషయంలో పాఠకుడే నిర్ణయిస్తాడు. కాల్పుల విషయంలో కాల్చినవాడే నిర్ణయిస్తాడు. వ్యాకరణం ఈ తేడా చూడదు. రెంటికీ ఒకే మార్కు వేస్తుంది.

‘బై’కి ‘విత్’కి ఉన్న తేడా మా పిల్లలకు బాగా అలవాటు కావాలని నా కోరిక. ‘బై’ చేసినవాణ్ణి చెబుతుంది, ‘విత్’ పనిముట్టును చెబుతుంది. ‘కిల్డ్ విత్ ఎ రైఫిల్’ అన్నప్పుడు ఆ తుపాకిని పట్టుకున్న చెయ్యి ఒకటి ఉన్నదని వాక్యం ఒప్పుకుంటున్నది. ‘కిల్డ్ బై ఎ బుల్లెట్’ అన్నప్పుడు చంపినది తూటాయే. దాని వెనక చెయ్యి ఉన్నా లేకపోయినా వాక్యానికి లోటు లేదు. రెండూ తప్పులేని ఇంగ్లీషే. ఇక ‘కిల్డ్ ఇన్ పోలీస్ ఫైరింగ్’ అన్నది మన దేశపు ఇంగ్లీషు పత్రికలకు బాగా ఇష్టమైన ప్రయోగం. ఇందులో పోలీసులు కర్త పీట మీదనుంచి దిగి విశేషణం పక్కన కూర్చున్నారు. కాల్పులు వానలాగా, వడగాలిలాగా ఒక వాతావరణమై కూర్చున్నాయి. మనుషులు అందులో చిక్కుకుని పోయారు.

‘రెస్పాన్సిబుల్ ఫర్’ అన్న మాట పైకి నిక్కచ్చిగా కనిపిస్తుంది. కాని ఇంగ్లీషులో తుపాను కూడా ఇన్ని మరణాలకు రెస్పాన్సిబులే, శాఖను నడిపే అధికారీ రెస్పాన్సిబులే, హంతకుడూ రెస్పాన్సిబులే. కారణానికీ, పెత్తనానికీ, నేరానికీ ఒకటే మాట. తెలుగులో కారణం, బాధ్యుడు, కారకుడు అని వేరువేరు మాటలున్నాయి గనక తుపానును ఎవరూ బాధ్యుణ్ణి చెయ్యరు. ‘ఫలానా సంస్థ బాధ్యత వహించింది’ అని బాంబు పేల్చినవాళ్ళ గురించి మన పత్రికలు రాస్తున్నాయి. బాధ్యత వహించటం మన భాషలో మంచిపని. మేమే చేశామని చెప్పుకున్నారు అంటే సరిపోతుంది.

కర్మణి ఒక్కటే దొంగ అనుకునేవాళ్ళు 2020 మే 25 నాటి సంగతి చూడాలి. అమెరికాలో మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడమీద డెరెక్ చావిన్ అనే పోలీసు తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు అదిమి చంపాడు. ఆ రాత్రి పోలీసు శాఖ విడుదల చేసిన ప్రకటన శీర్షికలో చెప్పినదేమంటే, పోలీసులతో వ్యవహారం సాగుతుండగా వైద్యపరమైన సంఘటన జరిగి ఒక మనిషి చనిపోయాడని. ‘డైస్’ అన్నది అకర్మక క్రియ. అందులో కర్మణి లేదు. ఆర్వెల్ సూత్రం ప్రకారం దాన్ని పట్టుకోలేం. కింద వార్త ఇంకా చిత్రం. అక్కడ పోలీసులు కర్తలుగా నిండుగా ఉన్నారు. పోలీసులు సంకెళ్ళు వేశారు. పోలీసులు ఆ మనిషికి ఒంట్లో బాగాలేదని గమనించారు. పోలీసులు అంబులెన్సును పిలిపించారు. అన్నీ కర్తరి వాక్యాలే! చేసిన ప్రతి పనికీ కర్త ఉన్నాడు, ఒక్క పనికి తప్ప. పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతె దారిన పోతూ ఆగి తన ఫోనులో ఆ దృశ్యం పట్టి ఉండకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయ్యేది. 2021 ఏప్రిల్ 20న న్యాయస్థానం చావిన్‌ను హంతకుడని తేల్చింది. ప్రకటనలోని ఇంగ్లీషులో మాత్రం ఏ పరీక్షకుడూ ఒక్క తప్పు పట్టలేడు.

దీనికి ముందే, 1975 జూన్‌లో, రొడీషియా రాజధాని సాలిస్‌బరీలో తెల్ల ప్రభుత్వపు పోలీసులు నిరాయుధులైన ఆఫ్రికన్ల మీద కాల్పులు జరిపారు. జింబాబ్వే స్వతంత్రమయ్యాక హరారే అని పేరు మార్చినది ఈ నగరాన్నే. ఆ వార్తను లండన్ పత్రికలు ఎట్లా రాశాయో టోనీ ట్రూ అనే పరిశోధకుడు వరసగా పరిశీలించాడు. 1979లో వచ్చిన ‘లాంగ్వేజ్ అండ్ కంట్రోల్’ అనే పుస్తకంలో అది ఉన్నది; మన విద్యార్థులు చదవదగినది. గార్డియన్ శీర్షిక కర్తరిలో పెట్టింది: పోలీసులు పదకొండుగురిని కాల్చి చంపారు. టైమ్స్ కర్మణిలో పెట్టి పోలీసులను చివరికి తోసింది. దానికి తోడు చచ్చినవాళ్ళకు ముందే ‘అల్లర్లు చేస్తున్న’ అన్న విశేషణం తగిలించింది. అంటే పోలీసులు కర్త స్థానం ఖాళీ చేసేలోగా చచ్చినవాళ్ళు మరో పనికి కర్తలయ్యారు. మర్నాటికి టైమ్స్‌లో ‘బై’ తోక కూడా పోయింది. ఆ తర్వాత సంపాదకీయానికి వచ్చేసరికి చంపటం అన్న క్రియ మరణాలు అన్న నామవాచకమైంది. ఆ మరణాలకు ఆఫ్రికన్ జాతీయ సంఘంలోని చీలికలే కారణమన్న ధోరణి దాని మీద లేచింది. ఒక్క అబద్ధం ఆడకుండానే రెండు మూడు రోజుల్లో హంతకులు హతుల పక్షానికి మారిపోయారు. గార్డియన్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. దాని కర్తరి వాక్యం చివర ‘అల్లరిలో’ అన్న మాట ఉండనే ఉన్నది.

ఇప్పుడు మన దేశపు కథకు వస్తాను. ఇంగ్లీషు వాక్యంలో కర్త సమస్యకు జలియన్‌వాలాబాగ్ అంత మంచి పాఠం మరొకటి లేదు. 1919 ఏప్రిల్ 13న జనరల్ డయ్యర్ తుపాకులు పట్టిన యాభైమంది సిపాయిలను తోటలోకి నడిపించాడు. సుమారు పది నిమిషాల్లో 1650 తూటాలు పేల్చారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 379 మంది చచ్చిపోయారు. కాంగ్రెసు విచారణ సంఘం సుమారు వెయ్యిమంది అన్నది. డయ్యర్ తన నివేదికలో ఏం రాశాడు? నేను కాల్చాను, గుంపు చెదిరేదాకా కాలుస్తూనే ఉన్నాను అన్న అర్థంలో ఉత్తమ పురుషలో, కర్తరిలో, ఏ దాపరికమూ లేకుండా రాశాడు. హంటర్ కమిటీ ముందు కూడా అంతే. సందు ఇరుకు కాకపోతే మరతుపాకులున్న మోటార్లను లోపలికి తెచ్చేవాణ్ణేనని చెప్పాడు. కర్తరి వాక్యమే నిజాయితీ అయితే ఇంతకన్న నిజాయితీపరుడు లేడు. సామ్రాజ్యవాది తన బలం మీద నమ్మకం ఉన్నంతకాలం ‘నేను’ అనటానికి జంకడు. జంకటం తర్వాత వస్తుంది.

కాని డయ్యర్ ‘ఐ ఫైర్డ్’ అన్న ఆ వాక్యాన్ని తెలుగు చెయ్యబోతే ఒక చిక్కు వస్తుంది. డయ్యర్ తుపాకి పట్టి కాల్చలేదు. కాల్చినది ఆ యాభైమంది. గూర్ఖాలు, పఠాన్లు, బలూచీలు. ఇంగ్లీషులో సేనాని సైన్యం చేసిన పనిని తన పనిగా చెప్పుకోవచ్చు. అది సరైన ఇంగ్లీషే. తెలుగులో ‘కాల్పించాను’ అనాలి. ఆ ‘ఇంచు’ ప్రత్యయం ఇద్దరు మనుషులను వాక్యంలోకి తెస్తుంది: చేసినవాణ్ణి, చేయించినవాణ్ణి. షాజహాన్ తాజ్‌మహల్ ‘బిల్ట్’ అని ఇంగ్లీషు చరిత్రలు రాస్తాయి. తెలుగులో ఎంత రాజభక్తుడైనా కట్టించాడనే అంటాడు. కట్టినవాళ్ళెవరన్న ప్రశ్న శ్రీశ్రీ వేశాడంటే, ఆ ప్రశ్నకు చోటు మన క్రియలోనే కొంత ఉన్నది. ఇంగ్లీషుకు ఆ శక్తి లేదని కాదు. ‘హ్యాడ్ ఇట్ బిల్ట్’ అనవచ్చు, ‘ఆర్డర్డ్ హిస్ మెన్ టు ఫైర్’ అనవచ్చు. అనవచ్చు గాని అనక్కరలేదు. తెలుగులో అనక తప్పదు.

పాత వ్యాకరణాలంటే మనలో కొందరికి చిన్నచూపు. కాని ఈ విషయంలో పాణిని ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చూడండి. కర్త అంటే స్వతంత్రుడని నిర్వచించి, వెంటనే తరువాతి సూత్రంలో ఆ స్వతంత్రుణ్ణి పురికొల్పినవాడు కూడా కర్తేననీ, అతనికి హేతువు అని మరో పేరు కూడా ఉన్నదనీ చెప్పాడు. పని చేయించినంత మాత్రాన చేసినవాడి కర్తృత్వం పోదు. చేతులతో చెయ్యనంత మాత్రాన చేయించినవాడి కర్తృత్వమూ పోదు. ఆజ్ఞ పాలించామనే సిపాయికీ, నా చేతికి నెత్తురంటలేదనే అధికారికీ ఇద్దరికీ దీన్లో జవాబున్నది.

పురికొల్పినవాళ్ళ వరస డయ్యర్‌తో ఆగదు. పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓడ్వయ్యర్ డయ్యర్ చేసినది సరైనదేననీ, తాను దాన్ని ఆమోదిస్తున్నాననీ తంతి పంపించాడు. 1940 మార్చి 13న లండన్‌లోని కాక్స్‌టన్ హాలులో ఉధమ్‌సింగ్ కాల్చి చంపినది ఇతన్ని. మనవాళ్ళు ఇప్పటికీ సభల్లో ‘డయ్యర్‌ను చంపిన ఉధమ్‌సింగ్’ అంటూంటారు. డయ్యర్ 1927లోనే రోగంతో పోయాడు. మార్నింగ్ పోస్ట్ అనే పత్రిక డయ్యర్ కోసం చందాలెత్తి ఇరవై ఆరువేల పౌనులకు పైగా పోగుచేసింది. 1920 జులైలో ప్రభువుల సభ 129–86 వోట్లతో డయ్యర్ పక్షాన తీర్మానించింది. అదే నెలలో కామన్స్ సభలో యుద్ధమంత్రి చర్చిల్ మాత్రం డయ్యర్‌ను గట్టిగా నిందించాడు. ఆ ఉపన్యాసాన్ని ఉదారవాదులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆయన వాదమేమిటి? ఇది రాక్షసమైన సంఘటన, బ్రిటిష్ సామ్రాజ్య చరిత్రలో ఇట్లాంటిది మరొకటి లేదు, ఇది ఒంటరిగా నిలిచి ఉన్నది అని. ఇక్కడ కర్త పేరు దాచలేదు, గట్టిగా చెప్పారు. ఒక్కడి పేరును అంత గట్టిగా చెప్పటమే సామ్రాజ్యం తప్పుకునే దారి అయింది. చేసినవాణ్ణి పేరుపెట్టి పిలవటం ఒక్కోసారి చేయించినవాణ్ణి దాచటం కూడా అవుతుంది. కర్తరి వాక్యాన్ని ఆరాధించేవాళ్ళ దృష్టికి ఇది రాదు.

ఆ తర్వాత నూరేళ్ళలో ‘నేను’ మాయమైన తీరు చూడండి. 1997లో ఎలిజబెత్ రాణి ఢిల్లీలో జలియన్‌వాలాబాగ్‌ను గతంలోని కష్టమైన ఘట్టాలకు బాధాకరమైన ఉదాహరణగా పేర్కొన్నది. 2013లో ప్రధానమంత్రి కామెరన్ అమృతసర్ వచ్చి సిగ్గుపడవలసిన ఘటన అని పుస్తకంలో రాసిపోయాడు. 2019 ఏప్రిల్ 10న ప్రధానమంత్రి థెరెసా మే పార్లమెంటులో ‘మేము’ అన్నది. ఇంతకాలానికి కర్త వచ్చాడు గదా అని సంతోషపడబోతే, ఆ ‘మేము’ చేసిన పని విచారించటం! జరిగినదానికి, కలిగిన బాధకు మేము ఎంతో విచారిస్తున్నాం అన్నదే ఆ వాక్యపు తాత్పర్యం. కాల్చినదగ్గర ‘జరిగింది’, బాధపెట్టినదగ్గర ‘కలిగింది’, విచారించినదగ్గర ‘మేము’. కర్తను తెచ్చి నిరపాయమైన క్రియ పక్కన కూర్చోబెట్టటం ఒక విద్య. 1987 జనవరిలో ఇరాన్‌కు ఆయుధాలమ్మిన వ్యవహారం గురించి రీగన్ తప్పులు జరిగాయన్నదీ ఇదే పాఠశాల. డయ్యర్‌కన్న మే మంచిది కాదా అంటే, మంచిదే కావచ్చు. వాక్యం మాత్రం డయ్యర్‌దే స్పష్టం.

తెలుగులో ఈ సౌకర్యం అంత సులభంగా దొరకదు. మన క్రియాంతంలోనే కర్త జాడ ఉంటుంది. ‘అతన్ని చంపారు’ అన్నప్పుడు పేరు లేకపోయినా మనుషులే చంపారని ఆ చివరి అక్షరం చెబుతున్నది. ‘అతను చంపబడ్డాడు’ అనగానే క్రియాంతం చచ్చినవాడికి అన్వయిస్తుంది. పల్లెలో ఎవరూ అట్లా అనరు. ‘బడు’ ప్రయోగానికి ఆఫీసు కాగితాల్లోనూ అనువాదాల్లోనూ పట్టిన యోగం వాడుకలో ఎన్నడూ పట్టలేదు. అయితే మనకు వేరే పారిపోయే దారి ఉన్నది. గ్లాసు పగిలిందనే పిల్లవాడి వ్యాకరణం అది: పగిలింది, విరిగింది, పోయింది, జరిగింది. దీనికి పత్రికలు ‘మృతి’ని చేర్చాయి. ‘కాల్పుల్లో ఏడుగురి మృతి’ అన్న శీర్షికలో క్రియే లేదు, కర్త ఎక్కడినుంచి వస్తాడు?

పెట్టుబడిదారీ పత్రికల సంగతి సరే. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీలకు వ్యతిరేకంగా హైదరాబాదులో ఊరేగింపు తీసినవాళ్ళ మీద పోలీసులు తూటాలు పేల్చారు. 2007 జులై 28న భూమి అడిగినవాళ్ళ మీద ఖమ్మం జిల్లా ముదిగొండలో పేల్చి ఏడుగురిని చంపారు. మన కరపత్రాలు వీటిని ఏమంటున్నాయి? బషీర్‌బాగ్ కాల్పులు, ముదిగొండ కాల్పులు. కాల్చినది ఆ ఊళ్ళే అన్నట్టు! ఇక ‘కాల్పుల్లో అమరులయ్యారు’ అన్న ప్రయోగం చూడండి. గౌరవంకొద్దీ రాస్తున్నదే, కాదనను. కాని ఆ క్రియకు కర్తలు చచ్చినవాళ్ళు. అమరులు కావటం వాళ్ళు చేసిన పని. చంపినవాళ్ళకు ఆ వాక్యంలో చోటే లేదు. అమరులను అమరులనే అందాం. దానికి ముందు ఒక వాక్యంలో చంపినవాళ్ళనూ చంపించినవాళ్ళనూ రాస్తే వాళ్ళ గౌరవానికి వచ్చే లోటేమీ లేదు.

ఇక్కడ మిత్రులు ఒక ఆక్షేపణ చెయ్యవచ్చు. మనుషుల పేర్లతో మనకేమి పని, దోచుకునేది పెట్టుబడి గదా, వ్యవస్థ గదా అని. మార్క్స్ 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటానికి రాసిన పీఠికలో వ్యక్తులను ఆర్థిక సంబంధాల ప్రతినిధులుగా మాత్రమే తీసుకుంటున్నానని చెప్పిన మాట నిజమే. అక్కడ అమూర్తమైన కర్త అవసరం. ఒక యజమానిని తిడితే కూలి రేటు అర్థం కాదు. అయితే ఆయన అదే గ్రంథంలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల నుంచి పట్టణాలను, మిల్లులను, గంటలను పేజీలకు పేజీలు ఎత్తిచూపాడు. ‘అణచివేత జరుగుతున్నది’ అని రాసే మనవాళ్ళు వ్యవస్థనూ చెప్పటం లేదు, మిల్లునూ చెప్పటం లేదు. ‘పీడితులు’ అన్న మాటలో పీడించినవాడు ఏనాడో రాలిపోయాడు.

న్యాయస్థానం తేల్చకముందే పేరెట్లా రాస్తామన్నది మరొక ఆక్షేపణ. పత్రికా రచయితలకు ఇది ఊరికే వచ్చిన భయం కాదు. కాని ‘హత్య’ న్యాయస్థానం చెప్పవలసిన మాట. ‘కాల్చాడు’ చూసినవాడు చెప్పవలసిన మాట. ఇంగ్లీషులో ‘మర్డర్డ్’కీ ‘షాట్’కీ ఈ తేడానే ఉన్నది. మొదటిదానికి ఆగాలి. రెండోదానికి ఆగటం చట్టం మీద గౌరవం కాదు.

కర్మణి రాయక తప్పని చోట్లు కూడా ఉన్నాయి. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను తరిమి నరికారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం ఇరవై ఒక్కమందికి యావజ్జీవ శిక్ష, మరి ముప్పై అయిదుగురికి ఒక్కో ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యం చాలలేదని అందరినీ విడిచిపెట్టింది. ఆ తీర్పును ఇంగ్లీషులో చెప్పవలసివస్తే ‘వర్ కిల్డ్’ అని ఆపెయ్యాలి; ‘బై’ తర్వాత రాయటానికి ఆ తీర్పు ఏ పేరూ మిగల్చలేదు. అయినా ఆ ‘వర్ కిల్డ్’ను ‘డైడ్’గా మార్చనివ్వకూడదు. తోక తెగిన కర్మణిలో కనీసం తెగిన చోటు కనిపిస్తుంది. ‘డైడ్’లో అదీ ఉండదు. తెలుగులోనైతే మనకు ఆ ఇబ్బంది కూడా లేదు. చుండూరులో దళితులను చంపారు అని ఈనాటికీ రాయవచ్చు. పేర్లు న్యాయస్థానం కొట్టివేసింది. క్రియ చివర ఉన్న మనుషులను కొట్టివెయ్యటం దానికి సాధ్యం కాలేదు.